సిరా లేని కలం

నాకు క్యాపు లేదు, రీఫిల్లు లేదు, సిరా లేదు. చివరికి బ్యాటరీ కూడా లేదు. నా కడుపులో ముఖ్యంగా ఉన్నది సన్నటి తీగ చుట్ట. నేను నడిచే నల్ల పలక పేరు డ్రాయింగ్ ట్యాబ్లెట్. దాని లోపల తీగలు వలలా పరిచి ఉంటాయి. ఆ వల చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. అందులోంచే కాస్త శక్తి అందుకుని, నేనెక్కడున్నానో, నన్నెంత గట్టిగా నొక్కుతున్నారో పలకకు కబురు పంపుతాను. నొక్కుడులో 8192 మెట్లు గుర్తుపడతానని నా డబ్బా మీద అచ్చేశారు. మా మాస్టారి చేతికి అందులో సగం కూడా అక్కర్లేదు.

మాస్టారు తెనాలిలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ చెబుతారు. డ్రాయింగ్ పరీక్షలు లోయర్, హయ్యర్ రెండూ ప్యాసైన మనిషి. జీతం సంగతి ఆయన ఎత్తరు, నేనూ ఎత్తను. పరీక్షలు దగ్గరపడితే డ్రాయింగ్ పీరియడ్ లెక్కల వాళ్లకు పోతుందన్న బాధ మాత్రం భోజనాల దగ్గర చాలాసార్లు విన్నాను. మాస్టారి ఇల్లాలు, మా అమ్మగారి మాట మీదే నన్ను కొన్నారు. "రాత్రిళ్లు ఎలాగూ గీస్తూ కూర్చుంటారు కదండీ, ఆ గీసేదేదో డబ్బులొచ్చేట్టు గీయండి" అన్నారావిడ.

ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన బొమ్మలు చూసి మొదట అడిగినవాళ్లు చుట్టాలే. "ఏరా అబ్బాయ్, మా మనవడి బొమ్మొకటి గీసిపెట్టు, నీకెంతసేపు పని!" అన్నారొక బాబాయి. ఆ బొమ్మకు వారం పట్టింది, పైసా రాలేదు. ముక్కు బాగా రాలేదన్న మాట మాత్రం వచ్చింది. డబ్బిచ్చి గీయించుకునేవాళ్లు ఎప్పుడూ ముఖపరిచయం లేనివాళ్లేనని అప్పుడే తేల్చుకున్నాను.

అలాంటివాళ్లలో ఒకమ్మాయి డాలస్‌లో ఉంటుంది. పెళ్లికి ముందే తండ్రి పోయారు. పెళ్లి ఫోటోలో తన పక్కన ఆయన నిలబడి ఉన్నట్టు బొమ్మ కావాలంది. తీరా పంపింది రేషన్ కార్డు మీది ఫోటో! అందులో ముఖం వేలిగోరంత ఉంది, పైగా సగం మీద ముద్ర పడింది. మాస్టారు గీయడం మొదలుపెట్టకుండా ప్రశ్నలు మొదలుపెట్టారు. మీ అన్నయ్య పోలిక ఎవరిది? నాన్నగారు చొక్కా ఇన్‌షర్ట్ చేసేవారా, వదిలేసేవారా? నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకునేవారు? ఆ అమ్మాయి వాయిస్ మెసేజీల్లో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేది. గడ్డం అన్నయ్య ఫోటోలోంచి తీసుకున్నాం. కళ్లు రేషన్ కార్డువే. చివర్లో ఆమెకే ఒకటి గుర్తొచ్చింది, నాన్న జేబులో ఎప్పుడూ పెన్ను ఉండేదని. ఆ పెన్ను గీసింది నేనే. మా జాతివాణ్ణి గీయడం నాకదే మొదలు.

బొమ్మ గీయడం ఈ పనిలో సగమే. మిగతా సగం మాటలు ముందే తేల్చుకోవడం. ముందు సగం డబ్బు. తర్వాత రఫ్ స్కెచ్, దాని మీద అడ్డంగా మాస్టారి పేరు. ఆ దశలో రెండు మార్పులు ఉచితం. రంగులు వేశాక "చీర సరే, మనిషిని కూర్చోబెట్టండి" అంటే కుదరదు. మిగతా డబ్బు పడ్డాకే పెద్ద ఫైలు వెళుతుంది. ఏ4 కాగితం మీద ప్రింటు బాగా రావాలంటే 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్లు ఉండాలి. స్కెచ్ చిన్న ఫైలుగా పంపితే ఎవరూ దాన్నే ప్రింటు తీసుకుని మాయం కాలేరు.

మాస్టారికి కోపం తెప్పించిన చట్టం ఒకటుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి చిత్రం గీయించుకున్నప్పుడు వేరే ఒప్పందం లేకపోతే తొలి హక్కుదారు గీయించుకున్నవారే! గీసినవాడు కాదు. అందుకే ఇప్పుడు ప్రతి బేరంలోనూ ముందే మూడు ముక్కలు రాస్తారు: బొమ్మ హక్కు నాది, నా పేజీలో పెట్టుకుంటాను, వ్యాపారానికి వాడితే రేటు వేరు. పూతరేకుల డబ్బా మీద వేసుకుంటామని వచ్చిన ఒక వ్యాపారికి ఆ చివరి ముక్క అస్సలు నచ్చలేదు. అయినా అడిగిన రేటు ఇచ్చాడు.

పెళ్లి కార్డులవాళ్లందరికీ బాపు గారి బొమ్మే కావాలి. వాలుజడ, సోగకళ్లు గీసిస్తారు మాస్టారు. బాపు గీసిన బొమ్మనే దిద్ది ఇమ్మంటే మాత్రం నన్ను స్టాండులో పెట్టేస్తారు.

మోసగాళ్లూ వస్తారు. ఒకడు అడ్వాన్సు పంపుతున్నానని క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. అది ముందు పసిగట్టింది అమ్మగారే.

"ఏఐతో నిమిషంలో వస్తుంది కదా, ఇంత రేటేంటి?" అనేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చవక పెళ్లి కార్డులు కొన్ని అటు పోయిన మాట నిజం. కానీ రేషన్ కార్డు ముఖాలు మా దగ్గరకే వస్తున్నాయి. నాన్న జేబులో పెన్ను ఉండేదని కూతురికి గుర్తొచ్చేదాకా అడిగే ఓపిక మాస్టారికుంది.

నా నిబ్బు అరిగిపోతూ ఉంటుంది. ఏటవాలుగా అరిగితే పలక మీద గీతలు పడతాయి కాబట్టి మాస్టారు పీకి కొత్తది పెడతారు. నిబ్బులకీ, కరెంటుకీ పోగా మిగిలింది ఆయన ఒక నోటుబుక్కులో రాసుకుంటారు. జీతాన్ని మించిన నెల ఇంకా రాలేదు. మాస్టారి చిన్నకూతురి ఫీజు మాత్రం ఇప్పుడు ఆ పుస్తకంలోంచే పోతోంది.

మీరూ ఎవరిచేతనైనా బొమ్మ గీయించుకోదలిస్తే ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఉగాదికి కావాల్సింది ఉగాది ముందురోజు అడక్కండి. సగం డబ్బు ముందే వేయండి.