ఒక్క గుడియె: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యానికి మూలపురుషుడు మా అబ్బాయి. ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రి పదకొండు దాటాక టీవీ ముందు కూర్చుని, వంటింట్లోంచి వచ్చిన కేకకు వాడిచ్చిన జవాబే ఇందులో మూడో పాదం. దాన్ని గణాల్లో ఇరికించి, ముందు రెండు పాదాలూ వెనక ఒకటీ తగిలించిన పాపం నాది.

కావ్యవస్తువు 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' అనే వీడియో గేమ్. జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ చేసింది. దర్శకుడు హిదెమారో ఫుజిబయాషి. 2017 మార్చి 3న విడుదలైంది. లింక్ అనే కుర్రవాడు నూరేళ్లు నిద్రపోయి లేచేసరికి హైరూల్ రాజ్యం పాడుబడి ఉంటుంది. కోటలో గానన్ అనే పీడ తిష్ఠ వేసి ఉంటుంది. ఆ పీడను వదిలించడం కథ. ఆట మాత్రం రాళ్లెత్తడం.

మూలం

రాయినెత్తి చూడ రావాకు బుడతఁడు
గింజ చేతఁబెట్టి కేరి నవ్వె;
అమ్మ! యొక్క గుడియె, యయ్యాక పడుకొందు;
తెల్లవారెఁ, గుడులు తీరలేదు.

ప్రతిపదార్థం

రాయిని = శిలను; ఎత్తి = తలపైకి లేపి (ఎందుకు లేపవలె నని అడుగరాదు); చూడన్ = చూడగా; రావాకు బుడతఁడు = ఆకు ముఖముగల పిల్లవాడు, అనగా కోరోక్; గింజన్ = విత్తనమును; చేతన్ పెట్టి = అరచేతిలో నుంచి; కేరి నవ్వెన్ = కేరింతలు కొట్టెను; అమ్మ = ఓ తల్లీ; ఒక్క గుడియె = ఒకే ఒక్క గుడి; అయ్యాక = అది ముగిసిన పిమ్మట; పడుకొందున్ = నిద్రించెదను; తెల్లవారెన్ = పాలవాడు వచ్చెను; గుడులు = ఆ 'ఒక్క' గుడి; తీరలేదు = అయిపోలేదు.

తాత్పర్యం

రాయి ఎత్తితే కింద ఆకు మొహం పిల్లాడొకడు కనిపించి, గింజ ఇచ్చి నవ్వాడు. ఇంకొక్క గుడి చూసి పడుకుంటానని కొడుకు తల్లికి మాటిచ్చాడు. తెల్లారింది.

విశేషాలు

రాయినెత్తి: కొండ పాకుతూ ఎక్కాలి. మధ్యలో వాన పట్టుకుంటే చేతులు జారతాయి. ఎక్కినదాంట్లో సగం దిగిపోవడమే. వాన వెలిసేదాకా లింక్ ఏ రాతి అంచు కిందో నిలబడతాడు. సోఫాలో మావాడు కూడా మెడ ముడుచుకు కూర్చుంటాడు. తీరా పైకి చేరితే అక్కడ శత్రువూ లేడు, నిధీ లేదు, ఒక రాయి ఉంది. దాన్ని ఎత్తగానే 'యాహహా' అంటూ బుడతడు ప్రత్యక్షం. దారి వదిలి వచ్చినవాడికే ఈ దర్శనం.

రావాకు: కోరోక్ మొహానికున్నది ఆకు ముసుగు. అది రావి ఆకే అని ఆటలో ఎక్కడా లేదు. పాదం 'రా'తో మొదలైంది గనుక యతి కోసం కవి రావి చెట్టెక్కాడు. క్షంతవ్యం.

గింజ: మొత్తం 900. గింజలు పుచ్చుకుని హెస్తు అనే పెద్ద కోరోక్ ఆయుధాలు పట్టే సంచిని పెంచుతాడు. అందుకు 441 చాలు. మిగతావి ఎందుకు? శాస్త్రంలో దీనికి సమాధానముంది. 900 ఏరి తెచ్చినవాడికి హెస్తు బంగారు రంగులో చుట్టలు చుట్టుకున్న ఒక ముద్ద బహూకరిస్తాడు. అదేమిటో మర్యాదస్తులు పలకరు. వాసన బాగుండదని ఆటలోనే రాసి ఉంటుంది. లోకంలో పురుషార్థాలు నాలుగే అనుకునేవారికి ఇది మింగుడుపడదు. నాకు తోచినది ఇది: నీకంటే ముందు ఎవరో ఆ శిఖరానికి వచ్చి, నువ్వు కూడా వస్తావని నమ్మి, రాయి కింద దాక్కుని కూర్చున్నారు. ఆ నమ్మకమే బహుమానం. గింజ దానికి రసీదు.

అమ్మ యొక్క గుడి: మా వీధిలో ఒక రిటైర్డు మాస్టారు ఈ పద్యం విని 'అమ్మయొక్క' అని షష్ఠీ విభక్తిగా విడదీశారు. అర్ధరాత్రి దాకా అమ్మవారి గుడి తలుచుకునే పిల్లవాడి భక్తికి కళ్లు తుడుచుకున్నారు. ఇక్కడున్నది షష్ఠి కాదు, 'ఒక్క' ముందు యడాగమం. మాస్టారికి చెప్పలేదు.

ఒక్క: ఈ సంఖ్య విచార్యం. అసలు ఆటలో గుడులు 120. మొదటి నాలుగూ పూర్తి చేస్తేగాని గాలిలో తేలే తెర దొరకదు, అది లేనిదే ఆట మొదలయ్యే పీఠభూమి దిగలేం. తరువాత నాలుగేసి గుడులకు ఒక్కో గుండె గానీ, కాస్త దమ్ము గానీ పెరుగుతుంది. కాబట్టి 'ఒక్కటి' ఎప్పుడూ నాలుగోదానికి ఒకటి తక్కువ. మావాడు అబద్ధమాడలేదు, వాడి లెక్కలో ఎప్పుడూ ఒక్కటే మిగిలి ఉంటుంది.

గుడి: లోపల అర్చకుడు లేడు, చిక్కుముడి ఉంది. ఒక గదిలో కరెంటు ఇక్కడి నుంచి అక్కడికి అందాలి, మధ్యలో ఖాళీ. ఇనుప పెట్టెలు వాళ్లే ఇచ్చారు, సరిగ్గా పేర్చమని. మావాడు పెట్టెల జోలికి పోలేదు. సంచిలోంచి ఇనుప కత్తులు తీసి నేల మీద వరసగా పడేశాడు. కరెంటు పారింది, తలుపు తెరుచుకుంది. హటేనో ఊరి దగ్గర మ్యామ్ అగానా అనే గుడిలో ఒక పలక ఉంది, దాని మీద గోడల చిట్టడవి. చేతిలోని కంట్రోలర్‌ను వంచితే పలక వంగుతుంది. బంతిని ఆ సందుల్లోంచి దొర్లించుకు రావాలి. ఆటగాళ్లు చేసే పని ఏమిటంటే, పలకను బోర్లా తిప్పేస్తారు. వీపు నున్నగా ఉంటుంది. బంతి దాని మీద పడితే ఒక్క ఎగరవేత, పని ముగిసింది.

ఇది దొంగదారి కాదా అని పూర్వపక్షం. కాదని సిద్ధాంతం. నిప్పు ఎండుగడ్డిని కాల్చాలి, ఇనుము కరెంటును మోయాలి, ఉరుములో ఇనుప కత్తి పట్టినవాడి మీద పిడుగు పడాలి. ఈ లోకానికి కర్తలు పెట్టిన ధర్మం ఇంతవరకే. ధర్మం తప్పకుండా నువ్వేం చేసినా జవాబే. ఒకే పద్యానికి రెండు అన్వయాలు కుదిరితే రెండూ ఒప్పే అన్నది మన వ్యాఖ్యాతల మాటే గదా. ఎటొచ్చీ మాస్టారి షష్ఠి కుదరదు.

పడుకొందు: కథానాయకుడు నూరేళ్లు పడుకుని లేచాడు. ఆ నిద్రకు బదులు ఇప్పుడు ఆడేవాడు తీరుస్తున్నాడు.

తీరలేదు: ఇందుకు పిల్లవాణ్ణి అనవలసిన పనిలేదు, కొండలననాలి. హైరూల్ నేలను త్రికోణాలుగా మలిచామని కర్తలే చెప్పుకున్నారు. త్రికోణం వెనక ఏముందో కనబడదు. ఎక్కి చూడాలి, లేదా చుట్టి రావాలి. చుట్టి వచ్చేసరికి దూరాన ఇంకో గుడి నారింజ రంగులో వెలుగుతూ ఉంటుంది. కావాలంటే పీఠభూమి దిగిన మరుక్షణమే గానన్ మీదికి వెళ్లవచ్చు, అడ్డేమీ లేదు. అందుకే ఎవరూ తిన్నగా వెళ్లరు. 1986లో మొదటి జెల్డా ఆటను రూపొందించిన షిగెరు మియామోటో, చిన్నప్పుడు క్యోటో దగ్గరి సోనోబేలో కొండలూ గుహలూ తిరిగినవాడు. ఆయన్నీ చీకటి పడ్డాక ఇంట్లోవాళ్లు కేకేసే ఉంటారు.

అలంకారం: స్వభావోక్తి. మావాడి తల్లి మాత్రం అసంగతి అంటుంది: రాత్రి మేలుకునేది ఒకరు, పొద్దున కాలేజీకి లేపలేక నీరసపడేది మరొకరు.

ఛందస్సు: ఆటవెలది. ఆట అన్నాక వేరే ఛందస్సు ఎందుకు?

పాఠాంతరం: మూడో పాదంలో 'అమ్మ' అన్నచోట 'ఇమ్ము' అని ఒక ప్రతిలో కనిపిస్తోంది: 'ఇమ్ము! యొక్క గుడియె, యయ్యాక పడుకొందు'. కంట్రోలర్ ఇటివ్వు, ఒక్క గుడి చూసి పడుకుంటానని అర్థం. ఇకారానికీ అకారానికీ మైత్రి లేదు గనుక యతి చెడింది. మొన్న ఆదివారం రాత్రి, కత్తులు నిజంగా కరెంటు మోస్తాయా అని సరిచూసుకోబోయి వ్యాఖ్యాత అన్న మాట ఇది. వాన పడుతోంది. రాతి అంచు కింద ఉన్నాను. యతి తరువాత చూసుకుందాం.