గులాబి రంగు పురుగు కథ

ఈ కథలోని ప్రాణి పత్తికాయలో బతికే గులాబి రంగు పురుగు. 1843లో సాండర్స్ అనే ఇంగ్లిష్ కీటక శాస్త్రవేత్త భారతదేశపు పత్తిలో దొరికిన నమూనాలను చూసి దీన్ని మొదటిసారి వర్ణించాడు. రెక్కల పురుగు రాత్రిపూట మొగ్గల మీద, లేతకాయల మీద గుడ్లు పెడుతుంది. నాలుగైదు రోజులకు బయటికొచ్చిన పిల్లపురుగు ఎక్కువసేపు ఆగదు, కాయలోకి దూరుతుంది. దూరిన కన్నం పూడిపోతుంది. పైకి కాయ నిక్షేపంగా కనిపిస్తుంది, మందు కొట్టినా లోపలికి దిగదు. పూవులో దూరితే రేకులు విచ్చుకోవు. వాటిని రైతులు గుడ్డిపూలు అంటారు. కాపు చివర్లో పుట్టిన తరం రెండు గింజలను దారంతో కలిపి కుట్టుకుని, వాటి మధ్య నిద్రకు పడుతుంది. ఆ గింజలతోపాటే జిన్నింగు మిల్లుకూ చేరుతుంది.

1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాల్లో పత్తికి పెద్ద శత్రువులు వేరే ఉండేవి. శనగపచ్చ పురుగు, తెల్లదోమ. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు విచ్చలవిడిగా కొట్టేసరికి అవి తగ్గకపోగా పెరిగాయి. 1987–88లో ప్రకాశం జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కుదిపాయి. అందుకే 2002 మార్చిలో మాన్‌శాంటో కంపెనీ జన్యువున్న, మహికో విత్తన కంపెనీ బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చినప్పుడు రైతులు ఆశగా ఎగబడ్డారు. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా జన్యువు మొక్కలోనే విషం తయారుచేస్తుంది, కాయలో దాక్కున్న పురుగుకూ అది తప్పదు. ఆ అనుమతితో వచ్చిన మొదటి మూడు హైబ్రిడ్లు ఆంధ్రప్రదేశ్‌లో నిలవలేదు. 2005లో రాష్ట్రంలో వాటి అమ్మకానికి అనుమతి నిరాకరించారు. అయినా అదే జన్యువుతో ఇతర కంపెనీల హైబ్రిడ్లు వెల్లువెత్తాయి. కొన్నేళ్లలోనే దేశంలో 90 శాతానికి పైగా పత్తి బీటీ అయింది. ఈ పురుగు వంశానికి అంతకంటే గడ్డుకాలం రాలేదు.

ఆ గడ్డుకాలం నుంచి దాన్ని గట్టెక్కించింది పురుగు తెలివి కాదు. సాంకేతికత చేతిలో ఉన్నవాళ్ల లెక్కలే దానికి దారి చూపాయి.

450 గ్రాముల బీటీ విత్తనంతోపాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం ఇచ్చేవారు. దాన్ని చేను చుట్టూ విత్తితే అక్కడ బతికిన మామూలు పురుగులు, విషాన్ని తట్టుకున్న అరుదైన పురుగులతో జతకట్టి వాటి గుణాన్ని పలచన చేస్తాయన్నది శాస్త్రం. పల్నాడులోనైనా పర్చూరు వైపైనా ఆ చిన్న ప్యాకెట్ సాధారణంగా విప్పకుండానే గట్టు మీద పడి ఉండేది. కౌలు కట్టే రైతు పురుగు కోసం చేను వదులుకోడు. డీలరు పని అమ్మకంతో అయిపోతుంది. కంపెనీ లాభం ఈ ఏడాది ప్యాకెట్లలో ఉంది, పదేళ్ల తర్వాతి పురుగులో లేదు.

అసలు మెలిక హైబ్రిడ్‌లో ఉంది. మన కంపెనీలు బీటీని హైబ్రిడ్లలోనే అమ్మాయి. హైబ్రిడ్ గింజను దాచుకుని మళ్లీ విత్తలేరు కాబట్టి రైతు ఏటా దుకాణానికి రావాలి. వ్యాపారానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. కానీ ఒక్క జన్యువు ఒక్క వైపు నుంచే వచ్చిన హైబ్రిడ్ కాయలో సుమారు నాలుగో వంతు గింజల్లో విషం ఉండదు. ఒకే కాయలో విషం ఉన్నదీ లేనిదీ తింటూ పెరగడం కంటే ఈ పురుగుకు కావలసిందేముంది? పైగా హైబ్రిడ్ల కాపు ఆరు నెలలు దాటి సాగుతుంది. ఒక్కో నెలా ఒక్కో తరం.

గింజ దాచుకుని విత్తగల బీటీ రకాలు తెచ్చి ప్రభుత్వ సంస్థలు ఈ లోటు పూడ్చవలసింది. గుంటూరు దగ్గర లాం పరిశోధనా కేంద్రం, నంద్యాల కేంద్రం పత్తి రకాలు తీశాయి. నంద్యాల రకం నరసింహ ఒకప్పుడు ఈ నేలలో ఇంటింటా తెలిసిన పేరు. వాటిలో బీటీ జన్యువు లేదు. నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధనా సంస్థ, ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన ప్రభుత్వ బీటీ రకం 2009లో వచ్చింది. దానిలో మాన్‌శాంటో జన్యువు కలిసి ఉందని తేలడంతో ఆపేశారు.

2010లో గుజరాత్‌లో ఈ పురుగు మొదటి బీటీ పత్తి అయిన బోల్‌గార్డ్-1ని తట్టుకుందని మాన్‌శాంటోయే ఒప్పుకుంది. విరుగుడుగా చూపింది 2006లో వచ్చిన, రెండు జన్యువుల బోల్‌గార్డ్-2ని. 2015 నాటికి గుజరాత్‌లో అదీ ఓడింది. తర్వాత తెలుగు రాష్ట్రాల వంతు వచ్చింది. ఆ ఏళ్లన్నిటా కంపెనీల దృష్టి ఎక్కడుంది? ధర మీద, రాయల్టీ మీద. 2006లోనే ఆంధ్రప్రదేశ్ పోరాడి ప్యాకెట్ ధరను 1,600 రూపాయల పైనుంచి 750కి దింపింది. 2015 నుంచి రాయల్టీ బకాయిల మీద మాన్‌శాంటోకూ నూజివీడు సీడ్స్‌కూ వ్యాజ్యం నడిచింది. మాన్‌శాంటో పేటెంటు చెల్లదన్న ఢిల్లీ హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2019 జనవరిలో పక్కన పెట్టింది. ధర నియంత్రణ పేరు చెప్పి మాన్‌శాంటో 2016లో తన తర్వాతి పత్తి దరఖాస్తును వెనక్కు తీసుకుంది. పురుగు తట్టుకోవడానికి ధర తగ్గడమే కారణమన్న వాదనలో పస తక్కువ. ధర 1,600 దాటి ఉన్న రోజుల్లోనూ చిన్న ప్యాకెట్ గట్టు మీదే ఉంది.

ఈ ఓటమి తప్పించుకోలేనిదేమీ కాదు. అమెరికాలో బీటీ పత్తితోపాటు వంధ్యం చేసిన రెక్కల పురుగులను వదిలి, రైతులూ ప్రభుత్వమూ కలిసి పనిచేశారు. 2018లో ఈ పురుగు అక్కడ నిర్మూలమైందని ప్రకటించారు. చైనాలో రెండో తరం హైబ్రిడ్ విత్తనంలో బీటీ లేని మొక్కలు సహజంగా కలిసి, నిరోధకత వెనక్కు తగ్గింది.

గుంటూరు సీమలో చాలామంది పత్తి వదిలి మిరపకు మారారు. పత్తి ఉన్నచోట శాస్త్రవేత్తల సలహా ఇది: డిసెంబరు చివరికల్లా కాపు ముగించి మోళ్లు తీసెయ్యాలి, లింగాకర్షక బుట్టలో వరసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే మందు కొట్టాలి. కౌలు బాకీ తీర్చేది సంక్రాంతి తర్వాతి ఏరుడు పత్తే అయిన చేలల్లో మోళ్లు ఫిబ్రవరి దాకా నిలుస్తాయి. ఆ లోగా పురుగుకు మరో తరం దక్కుతుంది.