ఐటీ నోటీసు వచ్చిందా? ఈ సలహాలు మాత్రం వినొద్దు

నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా ఎవరికన్నా ఐటీ నోటీసు వచ్చిందని తెలిస్తే, ఆడిటర్ కంటే ముందు ఇంటికి చేరేవి సలహాలు. చెప్పేవాళ్లు మంచి కోరేవాళ్లే. కానీ మనది కాని ఆదాయానికి పన్ను అడిగినప్పుడు ఆ మాటలు వింటే, లేని తప్పును మనమే నెత్తిన వేసుకున్నట్టవుతుంది.

అందరూ ముందుగా చెప్పేది, "మనది కాదు కదన్నా, మనకేం భయం? పక్కన పడెయ్" అని. ఇంతకు మించిన చెడ్డ సలహా లేదు. జవాబు రాకపోతే అధికారి తన దగ్గరున్న సమాచారంతోనే లెక్క తేల్చేస్తారు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో దానికి 144వ సెక్షన్ ఉంది. లెక్క చెప్పని డబ్బుగా 69ఎ సెక్షన్ కింద వేస్తే పన్ను, సర్‌చార్జి, సెస్ కలిపి 78 శాతం. అంటే 18 లక్షల డిపాజిట్‌కు 14 లక్షల పైచిలుకు పన్ను. పెనాల్టీ వేరే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చినా, అంతకుముందు సంవత్సరాల కేసులు పాత చట్టం కిందే నడుస్తాయి. 2025 మార్చిలో అలీగఢ్ కోర్టు దగ్గర జ్యూస్ అమ్ముకునే మనిషికి 7.79 కోట్లకు నోటీసు వచ్చింది. అంత పేదవాణ్ణి ఏం చేస్తారులే అనుకోవడానికి లేదు. నోటీసు వచ్చేది పాన్ నంబరును బట్టి, మనిషిని చూసి కాదు.

ఇంకో చిక్కుంది. చాలామంది రిటర్నులు నెట్ సెంటర్‌లో వేయిస్తారు. పోర్టల్‌లో ఉండేది ఆ సెంటర్ అబ్బాయి ఫోన్ నంబరు, అతని మెయిల్. నోటీసు వచ్చిన సంగతి మనకు తెలిసేసరికి గడువు దాటిపోతుంది. ఈ రోజే లాగిన్ అయి మీ నంబరు పెట్టుకోండి. వచ్చిన నోటీసు మీద డిన్ (డాక్యుమెంట్ ఐడెంటిఫికేషన్ నంబరు) ఉందో లేదో చూసి, ఐటీ పోర్టల్‌లోనే అది నిజమైనదో కాదో సరిచూసుకోండి. 2019 అక్టోబరు నుంచి ఆ నంబరు తప్పనిసరి.

మన ప్రాంతంలో మరీ ఎక్కువగా వినపడే సలహా "వ్యవసాయ ఆదాయమని రాసెయ్ సామీ, పన్నే ఉండదు" అన్నది. సేద్యం ఆదాయానికి పన్ను లేని మాట నిజమే. కానీ లెక్క నేలకు సరిపోవాలి. నాలుగెకరాల నల్లరేగడిలో శనగ వేశారనుకుందాం. ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లు పండినా మొత్తం 32 క్వింటాళ్లు. 2025-26 మార్కెటింగ్ సీజన్ మద్దతు ధర క్వింటా 5,650 రూపాయలు. అన్నీ కలిపితే 1,80,800. మీ ఖాతాలో పడింది 18 లక్షలైతే మిగతాది ఏ పొలంలో పండిందని అడుగుతారు. అడంగల్, ఈ-పంట నమోదు, తక్‌పట్టీలు ముందు పెట్టమంటారు. తెలిసీ అబద్ధం రాసిస్తే అది నేరం. నిజంగా మీ ధాన్యమే అయితే అవే కాగితాలు మిమ్మల్ని కాపాడతాయి.

"చేబదులు తెచ్చానని చెప్పు" అనే మాట ఇంకా లోతుకు దించుతుంది. 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోకూడదని 269ఎస్ఎస్ సెక్షన్ చెబుతుంది. ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం ఉండి, పన్ను కట్టాల్సిన వేరే ఆదాయం లేకపోతేనే మినహాయింపు. అది వర్తించకపోతే తీసుకున్నంత మొత్తం పెనాల్టీ వేయొచ్చు. ఒక నోటీసు నుంచి తప్పించుకోబోయి రెండోదానికి మనమే సాక్ష్యం రాసిచ్చినట్టవుతుంది.

"కాస్తో కూస్తో కట్టేసి వదిలించుకో" అన్నా ఒప్పుకోవద్దు. కడితే ఆ ఆదాయం మీదేనని ఒప్పుకున్నట్టే. మీ పాన్ వాడుకుంటున్నవాడు వచ్చే ఏడాదీ వాడుకుంటాడు. ఇక ఎవరినో పట్టుకుని మాట్లాడుకుందామంటారా, ఫేస్‌లెస్ విధానంలో మీ ఫైలు చూసే అధికారి ఏ ఊళ్లో ఉన్నారో మీకే తెలియదు.

మరి చేయాల్సిందేమిటి? ముందు ఆ డబ్బు మీ పేరు మీదికి ఎలా వచ్చిందో తేల్చుకోవాలి. పోర్టల్‌లో ఏఐఎస్ (వార్షిక సమాచార పత్రం) తెరిస్తే ఏ బ్యాంకు, ఏ సంస్థ, ఎంత రాసిందో కనిపిస్తుంది. మీది కానిదాని ఎదురుగా అది వేరే పాన్‌దనో, ఆ సమాచారం ఒప్పుకోవడం లేదనో ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి. మీకు తెలియని ఖాతా అయితే ఆ బ్రాంచికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, ఖాతా తెరిచిన ఫారం నకలు అడగండి. దాని మీద అంటించిన ఫొటో ఎవరిదో, సంతకం ఎవరిదో చూస్తే సగం కేసు అక్కడే తేలుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో మీ పాన్‌తో వెతికి, మీ పేరుతో ఎవరైనా వ్యాపారం రిజిస్టర్ చేశారేమో కూడా చూడండి. చేసి ఉంటే పోలీసు ఫిర్యాదు తప్పనిసరి. ఆ రశీదు మీ జవాబుకు జత చేయాలి.

డబ్బు మీ ఖాతాలోకే వచ్చి, వేరేవాళ్లకు వెళ్లిపోయి ఉంటే దారి వేరు. కౌలు రైతు ధాన్యం డబ్బు భూయజమాని ఖాతాలో పడటం, ఆళ్లగడ్డలో నలుగురు శిల్పులు చెక్కిన విగ్రహాల డబ్బంతా ఒక్కరి ఖాతాకే రావడం జరిగేవే. 69ఎ పెట్టాలంటే ఆ డబ్బుకు మీరు యజమాని అయి ఉండాలి. కాబట్టి వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ, ఎవరికి వెళ్లిందీ స్టేట్‌మెంట్‌లో గుర్తుపెట్టి, పుచ్చుకున్నవాళ్ల పాన్, వాళ్ల సంతకంతో ధ్రువీకరణ తీసుకోండి. తెలిసే మీ పేరు మీద ఇంకొకరి ఆస్తి పెట్టుకుని ఉంటే మాత్రం ఏ చిట్కా పనికిరాదు. బినామీ చట్టంలో దానికి ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు ఉంది. వెంటనే వకీలును కలవండి.

ఆర్డరు వచ్చేసిందని దిగులుపడి కూర్చోవద్దు. అప్పీలుకు 30 రోజులుంటాయి. మీ వీధిలో చదువురాని పెద్దాయన ఎవరైనా నోటీసు పట్టుకుని తిరుగుతుంటే సలహా చెప్పి పంపకండి. పక్కన కూర్చుని పోర్టల్ తెరిచి, జవాబుకు ఆఖరి తేదీ ఏదో చూసి చెప్పండి.