సరిహద్దు దాటని సారె

వెల్దుర్తి నుంచి హాలియాకు సారె పంపడం రెండు ప్రభుత్వాల వ్యవహారమని ముందే తెలిస్తే, అల్లుణ్ని మాచర్లలోనే వెతుక్కునేవాణ్ని. బీరువా, మంచం, పరుపు, రెండు జాడీల ఆవకాయ, ఓ బస్తా ఎండుమిరపకాయలు. ఇంతే సరంజామా. ట్రాలీ మాట్లాడితే కుర్రాడు "సరే బాబాయ్" అన్నాడు. నాగార్జునసాగర్ డ్యామ్ అవతల అనేసరికి మొహం ముడుచుకున్నాడు. "అది వేరే రాష్ట్రం. టాక్సు మీదే."

నేనూ నాలుగక్షరాలు వచ్చినవాణ్నే. 1988 మోటారు వాహనాల చట్టం, 66వ సెక్షన్ చదివి వినిపించాను: లోడుతో సహా 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్టే అక్కర్లేదు. "పర్మిట్టు అక్కర్లేదు సరే, టాక్సు అక్కర్లేదని ఉందా?" అన్నాడు వాడు. లేదు. బండ్ల మీద పన్ను రాష్ట్రాల హక్కు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయేదాకా అటూ ఇటూ ఒకే ఖజానా. 2015 ఏప్రిల్ నుంచి అవతలివారి లెక్కలో మన రవాణా బండ్లు పరాయివైపోయాయి. 2010లో వచ్చిన కొత్త నేషనల్ పర్మిట్ పుణ్యమా అని పెద్ద లారీ ఏటా ఒక్క రుసుము కట్టి దేశమంతా తిరుగుతుంది. మా బీరువాకు మాత్రం డ్యామ్ అడ్డం.

బ్రిటన్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు ఫోన్లో ఓదార్చాడు. అక్కడ 2.5 టన్నులు మించిన వ్యాన్‌లో కిరాయి సరుకుతో యూరప్ వెళ్లాలంటే 2022 మే 21 నుంచి ఆపరేటర్ లైసెన్సు ఉండాలట. బ్యాంకులో డబ్బు చూపాలి, ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్‌ను పెట్టుకోవాలి. ఆ రెండో షరతు మా ఇంట్లో పెళ్లైననాటి నుంచీ అమల్లోనే ఉంది. అయినా వాళ్లు దాటేది సముద్రం. మేం దాటేది కృష్ణ. 2023 నవంబరులో ఆ డ్యామ్ మీదే రెండు రాష్ట్రాల పోలీసులు నీళ్ల కోసం ఎదురెదురుగా నిలబడ్డారు. నీళ్లకే దిక్కులేని చోట ఆవకాయ జాడీలనెవరు పట్టించుకుంటారు?

పోనీ, వియ్యంకుడు హాలియా ట్రాలీ తెస్తే విజయపురి సౌత్‌లో సామాను మార్చుకుందామనుకున్నాం. ఆ బండి ఇవతల అడుగుపెడితే మన సర్కారుకు టాక్సు కట్టాలట! వంతెన నడిమధ్య దింపుకోవాలంటే బీరువా మోసేదెవరు?

జాడీలూ మిరపకాయలూ బస్సులో వెళ్లాయి. మంచం, పరుపు అక్కడే కొనుక్కోమన్నాం. బీరువా మా వరండాలోనే ఉంది, నా పంచెలు అందులో సర్దుకున్నాను. అల్లుడు ఫోన్ చేస్తే టాక్సులో సగం వాళ్లదని చెప్పమంటోంది మా ఆవిడ. నాకు ధైర్యం చాలట్లేదు.