బదిలీలే గాని పదవీ విరమణ లేదు

మా ఆయన కాలు నొప్పి మా అపార్ట్‌మెంటుకు ఉమ్మడి ఆస్తి. మా అత్తగారు అది వంకాయ వాతమని తేల్చి, పాపం ఆ కూరను ఇంట్లోంచే వెలివేశారు. కింది ఫ్లాటు పిన్నిగారు వేడి ఆముదం మర్దనా చెయ్యమన్నారు. మా తమ్ముడు ఫోన్లోనే డి విటమిన్, బి 12 పరీక్షలు చేయించమన్నాడు. వాడు చదివింది సివిల్ ఇంజనీరింగు. అందరూ కాలునే చూశారు. ఆ కాలు రోజూ దేంట్లో దూరుతోందో ఒక్కరూ చూడలేదు.

విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బండ్లు ఆపేస్తారు. సగం ఊరు అక్కడ నడుస్తుంది, పావు ఊరు పరిగెడుతుంది, మిగతా పావు కురుసుర సబ్‌మెరైన్ ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటుంది. మా ఆయన పరిగెత్తే పావులో ఉన్నారు. కాళ్లకు మాత్రం ఎప్పటివో నీలం బూట్లు.

మా ఇంట్లో బూటుకు బదిలీలే గాని పదవీ విరమణ ఉండదు. పరుగు నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి రైతుబజారుకు, అక్కణ్ణుంచి మేడ మీద మొక్కలకు నీళ్లు పోయడానికి. ఈ నీలం జత మాత్రం ఏ పైరవీ చేసిందో గానీ, మొదటి పోస్టులోనే పాతుకుపోయింది.

“మార్చకూడదుటండీ?” అంటే, బూటు తిరగేసి చూపిస్తారు. “అడుగు అరిగిందా? చెప్పు!”

నిజమే, అరగలేదు. అడుగున ఉండేది రబ్బరు, అది మొండిఘటం. దానికీ పాదానికీ మధ్య ఈవీఏ అనే నురుగు పొర ఉంటుంది, దాని నిండా కంటికి ఆనని గాలి గదులు. పరుగులో కాలు నేల తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు పడుతుంది. ఆ గదులు నలిగి నలిగి, ఒకనాటికి మళ్లీ లేవడం మానేస్తాయి. పైకి ఏమీ తెలియదు. బూటు కొత్తపెళ్లికొడుకులా నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుందని పరుగు తెలిసినవాళ్ల లెక్క. గ్యాస్ బండ ఎప్పుడు పెట్టామో రాసుకునే క్యాలెండరు మీదే నేనూ లెక్క కట్టాను. రోజుకు అయిదు కిలోమీటర్లు, వారానికి అయిదు రోజులు: నెలకు నూరు పైమాటే. అంటే బూటు ఆయుర్దాయం అయిదు నెలలు, గట్టిపిండమైతే ఏడెనిమిది. మా నీలం జత మూడు వేసవులు చూసింది.

“అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వట్టి కాళ్లతో మారథాన్ గెలిచాడు, తెలుసా?” అన్నారు.

తెలుసు. అదే మహానుభావుడు 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని పరిగెత్తి, మూడు నిమిషాలు ముందే వచ్చి మళ్లీ గెలిచాడు. ఆ మాట చెప్పాక ఇంట్లో కాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది.

చివరికి ఎముకల డాక్టరుగారు మోకాలి కింద, ఎముక లోపలి అంచు వెంబడి నొక్కుకుంటూ వచ్చి షిన్ స్ప్లింట్స్ అన్నారు. నొప్పి జానెడు మేర పాకింది గనక ఫరవాలేదట. ఒక్క వేలితో ‘ఇదిగో ఇక్కడే’ అని చూపించేలా ఉంటే ఎముకలో సన్నటి పగులుందేమో చూడాలట. “ఈ మధ్య దూరం ఏమైనా పెంచారా?” అని అడిగారు. ఈయన గోడ మీది అస్థిపంజరం బొమ్మను శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టారు. నేవీ మారథాన్‌లో పది కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చి, ఉన్నపళాన దూరం రెట్టింపు చేశారని నేనే విన్నవించాను. “అయితే మొదటి ముద్దాయి అదేనమ్మా, బూటు రెండోది” అన్నారాయన. పైకి చెప్పలేదు గానీ, నాకు కాస్త నిరాశే కలిగింది.

కొన్ని వారాల విశ్రాంతి, కొత్త బూట్లు. ఆ రెండింట్లో ఈయన్ని ఎక్కువ బాధపెట్టింది బూట్ల ఖరీదు. పాతవాటిని ఊరికే వదులుతారా? కానిస్టేబుల్ పరీక్షకు 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్న మా వాచ్‌మన్ కొడుక్కి ఉదారంగా ఇవ్వబోయారు. వాడు బొటనవేలితో లోపల నొక్కి చూసి, రెండు చేతులతో వెనక్కిచ్చేశాడు.

“వద్దు సార్. నాకు సెలక్షన్లున్నాయి.”

ఈయన వాటిని దులిపి, అడుగు మరోసారి తిరగేసి చూసుకున్నారు. “రైతుబజారుకి పనికొస్తాయిలే” అన్నారు.