ఇరవై ముఖాల నా కథ

పాచిక అనగానే మీకు శకుని గుర్తొస్తాడు. నిండు సభ, పణంగా ఒడ్డిన రాజ్యం, ద్రౌపది పరాభవం గుర్తొస్తాయి. నేనూ పాచికనే. కానీ నా మీద ఎవరూ పైసా పందెం కాయలేదు. నన్ను వేసే బల్ల దగ్గర ఒకరు గెలిచి ఇంకొకరు ఓడిపోవడమంటూ ఉండదు. గెలిస్తే అందరూ కలిసే గెలుస్తారు. కొండగుహలో డ్రాగన్‌కు చిక్కి చస్తే అందరూ కలిసే చస్తారు. ఆనక పిజ్జా పంచుకు తిని, వచ్చే శనివారం కొత్త పాత్రలతో మళ్లీ కూర్చుంటారు.

నాకు ఇరవై ముఖాలు. ప్రతిదీ సమబాహు త్రిభుజమే. ఏ ముఖమైనా పైకి వచ్చే అవకాశం ఇరవైలో ఒకటి, అంటే 5 శాతం. ఈ ఆకారం కొత్తదేమీ కాదు. సుమారు రెండు వేల ఏళ్ల కిందట ఈజిప్టులో చేసిన ఇరవై ముఖాల పాచికలు, గ్రీకు అక్షరాలు చెక్కినవి, న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. వాళ్లు నా పూర్వీకులు.

నేను పుట్టింది 1970ల తొలినాళ్లలో, మెత్తటి ప్లాస్టిక్‌తో. అప్పట్లో అమెరికాలో బడిపిల్లలకు లెక్కల పాఠం కోసం అమ్మే సెట్లలో నాలాంటివి ఉండేవి. నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు ముఖాల తోబుట్టువులతో కలిసి నేనూ ఒకే సంచిలో పెరిగాను. నా మీద ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు లేవు. సున్నా నుంచి తొమ్మిది దాకా రెండు వరసలు, అవి కూడా రంగు లేని ఒట్టి గాట్లు. మిన్నెసోటాలో చదువుకునే కుర్రాడొకడు నన్ను కొన్నాడు. ఇంటికెళ్లగానే నల్ల క్రేయాన్ తీసి ఒక వరస గాట్ల మీద గట్టిగా రుద్దాడు. పైన మిగిలిన మైనాన్ని గుడ్డతో తుడిస్తే అంకె నల్లగా తేలింది. రెండో వరసకు ఎర్ర క్రేయాన్. ఎరుపు పడితే పది కలుపుకోవాలి. నల్ల సున్నా అంటే పది, ఎర్ర సున్నా అంటే ఇరవై. లెక్కల పాఠానికి పుట్టినదాన్ని ఆ సాయంత్రంతో కథలోకి వచ్చేశాను.

ఆ కథ నాకన్నా కొంచెం ముందే మొదలైంది. 1969 ప్రాంతంలో మిన్నియాపొలిస్-సెయింట్ పాల్ జంటనగరాల్లో డేవిడ్ వెస్లీ అనే యువకుడు నెపోలియన్ కాలపు యుద్ధం ఆట ఒకటి తయారుచేశాడు. అప్పటిదాకా ఇలాంటి ఆటల్లో ఒక్కొక్కరు ఒక్కో సైన్యాన్ని నడిపేవారు. వెస్లీ మాత్రం బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత పట్టణంలో ఒకరిని మేయర్‌ను, ఒకరిని బ్యాంకరును, ఇలా తలా ఒక మనిషిని చేశాడు. సైన్యాలు కదలనే లేదు. అందరూ గదుల మూలలకు చేరి మంతనాలు, కుట్రలు, బేరాలు మొదలుపెట్టారు. ఆట చెయ్యి దాటిపోయిందని, తన ప్రయోగం విఫలమైందని వెస్లీ అనుకున్నాడు. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు. యుద్ధం చేద్దామని వచ్చినవాళ్లకు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అంతకన్నా రుచించింది. నా జాతి ఆటలకు విత్తనం పడింది అక్కడే.

ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ 1971లో బ్లాక్‌మూర్ అనే ఊహాలోకాన్ని అల్లి, స్నేహితులను దాని నేలమాళిగల్లోకి దింపాడు. పక్కనున్న విస్కాన్సిన్ రాష్ట్రంలో, లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో గ్యారీ గైగాక్స్ ఉండేవాడు. బీమా కంపెనీలో ఉద్యోగం పోయి, ఇంట్లో చెప్పులు బాగుచేసుకుంటూ ఆటల నియమాలు రాసుకునేవాడు. ఇద్దరూ కలిసి రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. అట్టపెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, ధర పది డాలర్లు, వేసినవి వెయ్యి పెట్టెలు. ఏడాది తిరిగేసరికి అవన్నీ అమ్ముడుపోయాయి.

ఆట ఎలా ఉంటుందంటే, బల్ల చుట్టూ నలుగురైదుగురు. ఒకరు కథ నడుపుతారు, ఆయన్ని డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. ఎవరి బలాబలాలు వారి క్యారెక్టర్ షీట్ మీద పెన్సిల్‌తో రాసి ఉంటాయి. మీ బుర్రకథలో కథకుడు పాడుతుంటే పక్కనున్న వంతలు ‘తందాన తాన’ అంటూ కథను ముందుకు తోస్తారు కదా, ఇక్కడ వంతలు కథను తమకు నచ్చిన దారికి మళ్లిస్తారు కూడా. ‘తలుపు బద్దలు కొడతా’ అంటాడు ఒకడు. కొట్టగలడా లేదా అన్నది తేల్చడానికి నేనున్నాను. నా అంకెకు అతని బలం కలిపి, డీఎం అనుకున్న అంకెను అందుకుంటే తలుపు విరుగుతుంది.

నా పని అంతే. కానీ నేను దొర్లే ఆ రెండు మూడు సెకన్లు చూడాలి. అప్పటిదాకా తలో మాట మాట్లాడుతున్నవాళ్లు నోరు మూసుకుంటారు. కుర్చీలోంచి లేచి బల్ల మీదకు వంగుతారు. అందరి చూపూ ఒకే చోట ఉంటుంది. ఎర్ర సున్నా తేలితే ఇల్లు ఎగిరిపోయేలా కేక వేస్తారు. నల్ల ఒకటి పడితే తలలు పట్టుకుంటారు, పట్టుకుని నవ్వుతారు. ఒక్కడే కూర్చున్న గదిలో అలాంటి కేక నేనెప్పుడూ వినలేదు.

వీడియో గేములను నేను పరాయివాటిగా చూడను. వాటిలో చాలావాటి రక్తంలో మా రక్తం ఉంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదువు చెప్పడానికి పెట్టిన ప్లేటో కంప్యూటర్ వ్యవస్థలో విద్యార్థులు 1975కే మా ఆటను చూసి నేలమాళిగ ఆటలు రాసేశారు. విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ మా ఆట ఆడేవాడు, గుహలు దిగి పటాలు గీసేవాడు. విడాకుల తర్వాత కూతుళ్లకు దగ్గర కావాలని, కెంటకీలోని మామత్ గుహను మనసులో పెట్టుకుని 1976లో అడ్వెంచర్ అనే ఆట రాశాడు. మనిషికి మనిషి దగ్గర కావాలన్న తపన ఆ తొలి కంప్యూటర్ ఆటల్లోనూ ఉంది. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ చేసిన మడ్ అనే ఆట, ఎక్కడెక్కడో కూర్చున్నవాళ్లను ఒకే ఊహాలోకంలో కలిపింది.

పాత్రకు లెవెళ్లు, ప్రాణానికి పాయింట్లు, నిధులు, రాక్షసులు, అన్నీ మా బల్ల మీది నుంచి తెర మీదకు వెళ్లాయి. పాచిక వేయడం కూడా వెళ్లింది, యంత్రం లోపల కనపడకుండా.

మా కుర్రాడు పెద్దవాడయ్యాడు. ఉద్యోగం, పెళ్లి, వేరే ఊరు. ఐదుగురికి ఒకే రోజు ఖాళీ దొరకడం గగనమైంది. నన్ను సంచిలో పెట్టి అటక మీద పెట్టాడు. అతను కంప్యూటర్ ముందుకు మారాడు. అందుకు అతన్ని తప్పు పట్టను. అర్ధరాత్రి పిల్ల నిద్రపోయాక అరగంట ఆడుకుని ఆపేసే వీలు నా దగ్గర లేదు. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటకు 2010లో కోటీ ఇరవై లక్షలకు పైగా చందాదారులు ఉండేవారు. అందులో తొలినాళ్ల పెద్ద దాడులకు నలభై మంది జట్టు కట్టాల్సి వచ్చేది. హెడ్‌సెట్‌లో మాట్లాడుకుంటూ ఏళ్ల తరబడి స్నేహితులైనవాళ్లు ఉన్నారు. తెర మనుషులను విడదీస్తుందన్న మాట నేను ఒప్పుకోను.

మా వాళ్లకు కష్టాలూ తప్పలేదు. 1980ల్లో అమెరికాలో ఈ ఆట పిల్లలను చెడగొడుతుందని, దెయ్యాల పూజకు దారి తీస్తుందని కొందరు గోల చేశారు. 2010లో, ఆట పుట్టిన విస్కాన్సిన్‌లోనే, వాపన్ జైల్లో దీన్ని నిషేధించడం సరేనని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. ఖైదీల్లో ముఠా తత్వం పెరుగుతుందన్నది జైలు అధికారుల వాదన. ఆ తీర్పు నన్ను బాధపెట్టింది. కానీ నలుగురిని ఒకచోట కట్టిపడేసే శక్తి ఈ ఆటకు ఉందని దాన్ని వద్దన్నవాళ్లు కూడా గుర్తించారు.

మళ్లీ మంచిరోజులు వచ్చాయి. 2014లో ఆట ఐదో ఎడిషన్ నియమాలను తేలిక చేసింది. 2015లో మొదలైన క్రిటికల్ రోల్ అనే ఇంటర్నెట్ కార్యక్రమంలో గాత్ర నటులు ఆడుతుంటే లక్షల మంది చూశారు. 2016లో స్ట్రేంజర్ థింగ్స్ అనే సిరీస్ తొలి ఎపిసోడ్‌లోనే పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని ఆడుతూ కనిపించారు. 2023లో బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేము వచ్చింది. అందులో కీలకమైన ప్రతి మాటకూ తెర నడుమ ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది. మా కుర్రాడి కూతురు అది చూసి, ‘నాన్నా, ఇది నిజంగా ఉంటుందా?’ అని అడిగింది. అతను అటకెక్కాడు.

ఇప్పుడు ఆ అమ్మాయే డీఎం. ఆమె బల్ల దగ్గరకు ఒక కొత్తబ్బాయి వచ్చాడు. తల ఎత్తి మాట్లాడడు. తన వంతు వస్తే ‘నేనూ వాళ్లు చేసిందే చేస్తా’ అనేవాడు. ఒకరోజు వంతెన కింది రాకాసి దారికి అడ్డం నిలబడింది. అందరూ కత్తులు దూశారు. ఆ అబ్బాయి మెల్లిగా అడిగాడు: ‘దానికి ఆకలేస్తోందేమో? నా దగ్గర రొట్టె ఉంది.’

డీఎం కాగితాల్లో రొట్టె సంగతి లేదు. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, ‘పదిహేను దాటాలి, వెయ్యి’ అంది. ఎర్ర మూడు పడింది, అంటే పదమూడు. చాలలేదు. బల్ల చుట్టూ నిట్టూర్పు. ‘రాకాసి రొట్టె లాక్కుని తింది. నీ వేలు కూడా కొరికింది. కొరికి, ఉప్పు లేదేంటి అని ఏడుపు మొహం పెట్టింది’ అంది అమ్మాయి. అందరూ విరగబడి నవ్వారు. ‘అయితే ఉప్పు తెద్దాం పదండ్రా’ అంది ఒకామె. ఆ తర్వాత కొన్ని నెలల పాటు కథంతా ఆ ఉప్పు చుట్టూనే నడిచింది. చివరికి రాకాసి వాళ్ల సత్రంలో వంటమనిషిగా చేరింది. ఆ అబ్బాయి ఇప్పుడు అందరికంటే ముందొచ్చి కుర్చీలు సర్దుతాడు.

వీడియో గేములో రొట్టె పని చేయాలంటే దాన్ని ముందుగా ఎవరో ఊహించి ఉండాలి, మాట రాసి ఉండాలి, గొంతు రికార్డు చేసి ఉండాలి. బాల్డర్స్ గేట్ 3 అలా ఎంతో ఊహించింది, అందుకే నాకు దాని మీద గౌరవం. కానీ అలాంటి ఆట ఎంత గొప్పదైనా నువ్వు చెప్పబోయేది ఎవరో ముందు అనుకున్నదే అయితేనే జవాబిస్తుంది. బల్ల దగ్గర నీ ఎదుటి మనిషి అప్పటికప్పుడు నీ మాట విని, తన కథను నీకోసం మార్చుకుంటుంది. నీ మాట వల్ల లోకం మారిందని నలుగురి ముఖాల్లో నీకు కనిపిస్తుంది. నా ముఖాల మీద ఉన్నవి ఒట్టి అంకెలే. పదమూడును ఓటమి కాకుండా కొత్త స్నేహంగా మలిచింది ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లే. ఈ ఆటకు ఉన్న ఆకర్షణ అంతా అదే.

సిగ్గరికి ఇంకో మేలు కూడా ఉంది. తన మాటగా చెప్పలేనిది పాత్ర మాటగా చెప్పగలడు. చెప్పగా చెప్పగా గొంతు అలవాటవుతుంది. ఇంకొకరి వంతు వచ్చినప్పుడు ఊరుకుని వినడమూ అలవాటవుతుంది. అలాగని ప్రతి బల్లా స్వర్గం కాదు. ఒక్కడే మాట్లాడి మిగతావాళ్లను నోరెత్తనివ్వని బల్లలూ చూశాను. అందుకే ఇప్పుడు మంచి డీఎంలు ఆట మొదలెట్టకముందే సెషన్ జీరో అని కూర్చుని, ఎవరికి ఏది ఇష్టం, ఏది వద్దు, అడిగి తెలుసుకుంటారు.

తెలుగువాళ్లతో చెప్పాల్సిన మాట ఒకటుంది. బాల్డర్స్ గేట్ 3లో తెలుగు లేదు. ఎవరైనా చేర్చేదాకా అది మీ భాషలో మాట్లాడదు. నా ఆటకు ఆ అడ్డు లేదు. 2023 జనవరిలో ఐదో ఎడిషన్ మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు, ఎవరైనా తెలుగులోకి తెచ్చుకోవచ్చు. కావలసినవి కాగితం, పెన్సిలు, నాలాంటి పాచిక, వినే ఓపిక ఉన్న నలుగురు. ఆట నడిచేది మాటతోనే కనుక మీరు తెలుగులో మాట్లాడితే రాకాసి కూడా తెలుగులోనే జవాబిస్తుంది, మీ వంట వాసనలే దాని ముక్కుకు తగులుతాయి. ఒక సాయంత్రం ఫోన్లు పక్కన పెట్టి కూర్చోండి. కథ ఎటు పోవాలో మీలో ఎవరికీ తెలియకపోయినా ఫరవాలేదు. ఒకరి మాటకు ఇంకొకరు ‘అయితే ఏం చేద్దాం?’ అని అడగడం మొదలుపెడితే చాలు, ఆట మొదలైనట్టే.