నూనె తేలేదాకా: టీకా తాత్పర్య సహితం

మూలం: "ఉల్లిపాయలు ఎర్రగా వేగాక అల్లం వెల్లుల్లి వెయ్యి, పచ్చివాసన పోయాక ముక్కలు వేసి, తగినంత ఉప్పూ కారం చల్లి, నూనె తేలేదాకా మగ్గనివ్వు."

అవతారిక: ఉద్యోగానికని ఊరు దాటిన కొడుకు గదిలో మొదటిసారి కోడికూర వండబోతూ ఫోను చేస్తే తల్లి చెప్పే వాక్యమిది. ఇందులో ఒక్క అంకె లేదు. అందుకే టీక అవసరమైంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథ సూరి మెదక్ జిల్లా కొల్చారం వాడంటారు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. మొదటి షరతుకు ఈ టీకాకారుడు లోబడతాడు. పొయ్యి మీద కూర ఉండగా రెండోది కష్టం.

ప్రతిపదార్థం: ఉల్లిపాయలు = అరకిలో కోడికి పెద్దవి రెండు, సన్నగా తరిగినవి; ఎర్రగా వేగాక = అంచులు మాడకుండా అంతా గోధుమరంగు తిరిగాక. మెత్తబడటం వేగడం కాదు. ఉల్లిపాయలో నూటికి 89 వంతులు నీరే. అది ఆవిరయ్యేదాకా ముక్కల వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. రంగూ కమ్మదనమూ రావాలంటే 140 దరిదాపులకు చేరాలి. చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి ఇలా రంగు తిరగడాన్ని 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ వివరించాడు. "తొందరపడి ముక్కలు వేసెయ్యకు" అని తల్లి అనేది ఇందుకే.

పచ్చివాసన పోయాక = ముక్కు ఒప్పుకున్నాక. ముద్ద అడుగంటేదీ ఇక్కడే కనుక చెంచాడు నీళ్లు చిలకరించడం సంప్రదాయ సమ్మతం.

తగినంత = దేంతో తింటారో చూసుకుని. మన ఇళ్లలో అన్నం ఉప్పు లేకుండా వండుతారు. కాబట్టి కూర ఒక్కటే నాలుక మీద వేసుకుంటే ఉప్పు రవ్వంత ఎక్కువనిపించాలి. అదే కూర బగారా అన్నంలోకైతే చెయ్యి వెనక్కి తీయాలి.

మగ్గనివ్వు = నీళ్లు పోయకుండా, మూతపెట్టి, సన్నసెగన ఉంచు. ఉప్పు తగిలిన ముక్క నీరు వదులుతుంది. మొదటి పది నిమిషాలకు అదే చాలు.

నూనె తేలేదాకా = విచిత్రమేమంటే, నూనె పొయ్యమని మూలంలో ఎక్కడా లేదు. లావుగా ఉన్న దేవదత్తుడు పగలు తినడంటే రాత్రి తింటున్నాడని ఊహించడాన్ని మీమాంసకులు అర్థాపత్తి అన్నారు. చివర తేలింది గనుక మొదట పోశారని ఇక్కడా అదే న్యాయం. నీరున్నంతసేపు ఉల్లిగుజ్జు నూనెను పట్టి ఉంచుతుంది. నీరు ఇగిరేకొద్దీ నూనె విడిపోయి అంచుల్లో ఎర్రగా నిలుస్తుంది. మిరప ఎరుపూ ఘాటూ నీటిలో కన్నా నూనెలో బాగా కరుగుతాయి మరి. అప్పుడు గ్లాసుడు వేడినీళ్లు పోసి మరిగిస్తే గ్రేవీ.

అధ్యాహార వివాదం: "కడిగి" అన్న మాట కూడా మూలంలో లేదు. ఉప్పూ పసుపూ వేసి కడగాలన్నది ఇంటి పక్షం. పచ్చి కోడిని కడిగితే తుంపరలతో క్యాంపిలోబ్యాక్టర్ వంటి సూక్ష్మజీవులు గట్టంతా అంటుకుంటాయి, కడగవద్దన్నది బ్రిటన్, అమెరికా ఆహార భద్రతా సంస్థల పక్షం. వాటిని చంపేది పొయ్యే: ముక్క లోపల 74 డిగ్రీల వేడి చేరాలి. ఇంటి పక్షాన్ని వదల్లేనివారు కుళాయి కింద కాకుండా గిన్నెలో మెల్లగా కడిగి, ఆపైన సింకునూ చేతులనూ సబ్బుతో తోముకోవాలి.

పూర్వపక్షం: ఇంత తిప్పలెందుకు, ఇరవై నిమిషాలని చెబితే పోదా? పోదు. ఆరు వారాలకే రెండు కిలోలకు అటూఇటూ తూగే బ్రాయిలర్‌కు ఇరవై నిమిషాలు సరే. నెలల తరబడి పెరట్లో తిరిగిన నాటుకోడి కండలో కొలాజెన్ గట్టిపడి ఉంటుంది. అది కరగడానికి గంటైనా పట్టవచ్చు, లేదా కుక్కర్ ఎక్కించాలి.

తాత్పర్యం: తల్లికి అంకెలు తెలియక కాదు. కొడుకు గదిలో పొయ్యి ఎంత మండుతుందో, గిన్నె అడుగు ఎంత మందమో, కొట్టువాడు ఏ కోడిని కోశాడో ఆమెకు ఫోనులో కనిపించదు. అందుకని నిమిషాలు వదిలి రంగూ వాసనా నూనే చెప్పింది. అవి ఏ పొయ్యి మీదైనా చూసుకోవచ్చు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో చివర "గసగసాలూ కొబ్బరీ నూరి వెయ్యి" అని ఉంది. గ్రేవీ చిక్కబడేది దీనివల్లే. అయితే యూఏఈ, సింగపూర్ గసగసాలను నిషేధించాయి గనుక అక్కడి తెలుగువారి ప్రతుల్లో "జీడిపప్పు" అన్న పాఠమే గ్రాహ్యం. సెలవు ముగించుకుని దుబాయి విమానం ఎక్కబోయే కొడుకు పెట్టెలో గసాల పొట్లం దూర్చబోయే తల్లికి ఈ పాఠాంతరం ముందే చదివి వినిపించాలి.